ఫ్యూగ్ రచనాభ్యాసం

ఫ్యూగ్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఒక రచనా పద్ధతి. ఒక చిన్న స్వరవాక్యాన్ని మొదటి గొంతు ఎత్తుకుంటుంది. రెండో గొంతు దాన్నే పంచమం నుంచి అందుకుంటుంది. మొదటిది ఊరుకోదు, ఎదురుగా మరో వాక్యం నడుపుతుంది. ఇలా మూడు, నాలుగు గొంతులు చేరతాయి. గొంతంటే మనిషే కానక్కర్లేదు. ఒక్క పియానో మీదే నాలుగూ పలుకుతాయి. ఏ గొంతూ మరోదానికి పక్కవాద్యం కాకపోవడమే కౌంటర్‌పాయింట్.

అభ్యాసానికి పేరుమోసిన పుస్తకం యోహాన్ యోసెఫ్ ఫుక్స్ 1725లో వియన్నాలో లాటిన్‌లో వెలువరించిన 'గ్రాదుస్ అద్ పర్నాసుం'. గురుశిష్యుల సంభాషణగా సాగే ఈ గ్రంథంలో ఐదు మెట్లున్నాయి: ఇచ్చిన స్వరపంక్తికి ఎదురుగా స్వరానికొక స్వరం, తర్వాత రెండు, నాలుగు, ఆపైన దెబ్బ దాటించి లాగిన స్వరాలు, చివరికి అన్నీ కలగలిపి. హైడన్ దీన్ని సొంతంగా చదువుకుని, తర్వాత బీథోవెన్‌కు పాఠం చెప్పాడు.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇందులో ఒక నిషేధం వింతగా తోస్తుంది. రెండు గొంతులు షడ్జ పంచమాలంత ఎడంతో వరసగా ఒకే దిక్కుకు కదలకూడదు. తంబురాలో మనకు హాయిగొలిపే జత అదే కదా! చిక్కంతా ఆ హాయితోనే: స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒక గొంతు వినిపించకుండా పోతుంది. చిత్తుప్రతి దిద్దేటప్పుడు ముందు వెతికేది ఇలాంటి జంట కదలికలనే. మరో చిక్కు పై, కింది గొంతులను తిరగేసినప్పుడు బయటపడుతుంది. పై వాక్యం ఒక స్థాయి దిగి కిందికి వస్తే పంచమం ఎడం కాస్తా మధ్యమం ఎడమవుతుంది. రెండు గొంతుల రచనలో అది పొసగని జత. రెండో గొంతు పంచమం నుంచి ఇచ్చే జవాబులో కూడా సర్దుబాటు తప్పదు: 'స'కు 'ప' బదులిస్తే, 'ప'కు చాలాసార్లు 'రి' కాక 'స'యే బదులిస్తుంది.

కొత్తవాళ్లు అందమైన పొడుగాటి వరస కట్టి తర్వాత అవస్థపడతారు. వాక్యం తన మీద తానే ఒదిగేలా ఉందా అని ముందే చూసుకోవాలి. బాఖ్ 1722 నాటి 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి భాగంలోని 24 ఫ్యూగ్‌లలో మొట్టమొదటిది ఇందుకు పాఠం: ఒక గొంతు ముగించకముందే మరొకటి అదే వాక్యం అందుకుంటుంది, మళ్లీ మళ్లీ.

తెలుగు శ్రోతలకు 'సాగర సంగమం'తో దగ్గరైన ఇళయరాజా మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. 1986లో 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌ను త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చారు. ఇలా రెండు సంగీతాలనూ కలిపేటప్పుడు, రాగాన్ని ఫ్యూగ్ పద్ధతిలోకి తేవడంలో అసలు ఇబ్బంది గమకం. స్వరం ఊగినంతసేపూ ఎదుటి గొంతుతో దాని ఎడం మారుతూనే ఉంటుంది; ఫుక్స్ నియమాలన్నీ నిలకడగా నిలిచే స్వరానికి రాసినవి.