దిద్దడం

సెమిస్టరు పరీక్షలయ్యాక అధ్యాపకులు చేసే పనిని విశ్వవిద్యాలయ ఉత్తర్వులు ‘మూల్యాంకనం’ అంటాయి. స్టాఫ్ రూములో వినిపించేది మాత్రం ‘పేపర్లు దిద్దాలి’ అనే మాట.

మూల్యం అంటే వెల, అంకనం అంటే గుర్తు వేయడం. మరి దిద్దడం? పలక మీద పిల్లలు ఓనమాలు దిద్దుతారు, నుదుట బొట్టు దిద్దుతారు, చెదిరిన కాపురాన్ని చక్కదిద్దుతారు. దారి తప్పిన భర్తను భార్య మార్చుకునే కథకు గురజాడ 1910లో పెట్టిన పేరు ‘దిద్దుబాటు’. వంకర తీసి ఆకారం తేవడమే ఈ మాటకు ప్రాణం.

యూజీసీ పది పాయింట్ల స్కేలులో ‘ఓ’ గ్రేడుకు 10, ‘పి’కి 4, ‘ఎఫ్’కు సున్నా. ఇది వెల కట్టే పని, అవసరమైనదే. కానీ చివరి పరీక్ష పేపరు సాధారణంగా కట్టల్లోనే ఉండిపోతుంది, విద్యార్థికి చేరేది అక్షరం మాత్రమే. దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు కింద చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అయినా తప్పెక్కడో తెలుసుకోవడానికి విద్యార్థి దరఖాస్తు పెట్టుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

ఇంటర్నల్ పరీక్షల్లో ఆ ఇబ్బంది లేదు. పేపరు అధ్యాపకుడి చేతిలోనే ఉంటుంది. మార్జిన్లో ‘ఈ మెట్టు వదిలేశావు’ అని ఒక్క వాక్యం రాసి, తర్వాతి పరీక్షలోపే తిరిగి ఇస్తే అది నిజంగా దిద్దినట్టు.