కారణం గడిలో ఏం రాశారు?

మతి చెదిరిన మనిషిని ఆస్పత్రికి తెస్తే రిజిస్టరులో ఒక గడి నింపాలి: ఎందుకిలా అయ్యాడు? మన దేశంలో ఆ గడిని ఎంత అలవోకగా నింపేవారో 1893-94లో గంజాయి విచారణ కమిషన్ బయటపెట్టింది. బ్రిటిష్ ఇండియా పిచ్చాసుపత్రుల్లో ఎంతోమంది పేర్ల పక్కన ‘గంజాయి’ అని రాసి ఉంది. కమిషన్ అలాంటి కేసులను తవ్వి చూసింది. చాలాచోట్ల ఆ మాట డాక్టరు తేల్చింది కాదు, రోగిని పట్టుకొచ్చిన పోలీసుల కాగితం నుంచి దించుకున్నది.

ఆ కాలంలోనే హైదరాబాద్‌లో రాత మరోలా సాగింది. 1888, 1889లలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, స్పృహ తప్పించే క్లోరోఫాంపై కమిషన్లు నడిపాడు. వందల జంతువులకు ఆ మందు ఇచ్చి శ్వాస, రక్తపోటు ఎలా మారుతున్నాయో నమోదు చేశారు. ఆ నివేదికలను లాన్సెట్ వైద్య పత్రిక అచ్చువేసింది. శ్వాసను గమనిస్తే చాలు, గుండెకు భయం లేదన్న లారీ తీర్మానం తర్వాత నిలవలేదు. అయినా, ఏం ఇచ్చారో, ఎప్పుడేం జరిగిందో రాసిపెట్టారు కాబట్టే ఆ తీర్మానాన్ని పరీక్షించే వీలు కలిగింది.

అప్పటికే మత్తుమందుల వరుస మొదలైంది. 1832లో తయారైన క్లోరల్ హైడ్రేట్‌ను 1869లో నిద్రమందుగా వాడుకలోకి తెచ్చారు. 1903లో బార్బిట్యురేట్ల జాతికి చెందిన బార్బిటాల్ వచ్చింది. అమెరికాలోని లెక్సింగ్టన్‌లో పరిశోధకుడు హారిస్ ఇస్బెల్ కొందరికి నెలల తరబడి బార్బిట్యురేట్లు ఇచ్చి, ఒక్కసారిగా ఆపి చూశాడు. ఫిట్స్ వచ్చాయి, లేనివి కనిపించాయి, మతి తప్పింది. 1950లో అచ్చయిన ఆ పరిశోధనతో ఒక సంగతి స్థిరపడింది: మత్తుమందు తీసుకున్నప్పుడే కాదు, మానేసినప్పుడూ మనసును కూలదోస్తుంది. ఆ తర్వాత 1960లో లిబ్రియం, 1963లో వేలియం పేరుతో డైజిపామ్, 1981లో అల్ప్రాజోలం మార్కెట్‌కు వచ్చాయి.

అంతర్జాతీయ జబ్బుల పట్టిక (ఐసీడీ) ఈ మందుల వెనకే నెమ్మదిగా నడిచింది. 1893లో షికాగోలో బెర్టిలాన్ ప్రతిపాదించినది మరణ కారణాల జాబితా మాత్రమే. 1948 నాటి ఆరో సవరణలో గానీ మానసిక వ్యాధులకు ప్రత్యేక విభాగం దక్కలేదు. తొమ్మిదో సవరణలో మందుల వల్ల వచ్చే ఉన్మాదాలన్నీ 292 అనే ఒకే గొడుగు కింద ఉండేవి. 1990లో ఆమోదం పొంది 1994 నుంచి వాడుకలోకి వచ్చిన ఐసీడీ-10లో మత్తు, నిద్ర మందులకు ఎఫ్13 అనే సొంత ఇల్లు దొరికింది. మందు మానేశాక స్పృహ మసకబారి అయోమయంగా ఉంటే ఎఫ్13.4. స్పృహ తేటగానే ఉండి భ్రమలో, భ్రాంతులో పట్టి పీడిస్తే ఎఫ్13.5. ఈ భ్రమలు, భ్రాంతులు సాధారణంగా మందు వాడిన 48 గంటల్లోపు మొదలై, నెలలో కొంతైనా, ఆరు నెలల్లో పూర్తిగా తగ్గాలని కూడా అందులో ఉంది. అంటే తేదీ, గంట రాయకపోతే కోడుకు ఆధారమే లేదు.

ఇక్కడే తెలంగాణ కథ చిక్కుపడుతుంది. తాటిచెట్లు, ఈతచెట్లు ఇచ్చే కల్లు గిరాకీకి చాలదు. నీళ్లు కలిపి పలుచన చేస్తే మత్తు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వచ్చి చేరాయి. చివరి రెండూ 1985 నాటి మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం పరిధిలోనివి. అల్ప్రాజోలం వంద గ్రాములు దాటితే చట్టం దృష్టిలో అది వాణిజ్య పరిమాణం. తాగేవాడికి మాత్రం తాను కల్లు తాగుతున్నానన్నదే తెలుసు.

2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు ముమ్మరం కాగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆస్పత్రులు నిండిపోయాయి. ఫిట్స్, వణుకు, పొంతన లేని మాటలు, వింత చేష్టలు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో అమెరికా రోగుల చార్టులు చూసి జబ్బులకు కోడ్లు వేసే కోడర్లు అక్టోబరు 1 గడువు కోసం, ఐసీడీ-10కు అమెరికా రూపమైన కొత్త ఐసీడీ-10-సీఎం నేర్చుకుంటున్నారు. అందులో ఎఫ్13 తర్వాతి అంకె ఒకటైతే దుర్వినియోగం, రెండైతే వ్యసనం, తొమ్మిదైతే వట్టి వాడకం. ఆ పక్కన అయిదు ఉంటే ఉన్మాదం. చివరి అంకె సున్నా అయితే భ్రమలు, ఒకటైతే భ్రాంతులు. వ్యసనంతో పాటు భ్రాంతులుంటే ఎఫ్13.251. మందుకూ ఉన్మాదానికీ సంబంధం ఉందని డాక్టరు రాయకపోతే కోడర్ ఊహించి వేయకూడదు, క్వెరీ పంపి అడగాలి. మన నగరం వేరే దేశపు రోగులకు ఇంత పట్టింపుగా లెక్క రాస్తుంటే, మన ఊళ్ల రోగిని ‘కల్లు తాగుతాడు’ అన్న ఒక్క ముక్కతో మద్యం గడి అయిన ఎఫ్10లోకి నెట్టేసే ప్రమాదం ఉంది. చెవిలో మాటలు వినిపిస్తున్నాయంటే ఎఫ్20, స్కిజోఫ్రేనియా అనుకునే ప్రమాదమూ ఉంది. మొదటి పొరపాటుతో డైజిపామ్ మానేసిన వారం తర్వాత కూడా ముప్పు రావచ్చన్న జాగ్రత్త జారిపోతుంది. రెండోదానితో అక్కర్లేని మాత్రలు ఏళ్ల తరబడి నడుస్తాయి.

రాసిపెట్టడం మనకు చేతకాని పని కాదు. ఐసీడీ-10 వాడుకలోకి వచ్చిన 1994లోనే హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో గణేశుడి లడ్డూ వేలం 450 రూపాయలతో మొదలైంది. 2025లో 35 లక్షలకు చేరిన ఆ పాటలో ఏ ఏడు ఎవరు, ఎంతకు దక్కించుకున్నారో ఊరు వరుసగా అప్పజెబుతుంది. అదే బాలాపూర్ నుంచి, శంషాబాద్ దారి ఊళ్ల నుంచి ఉస్మానియా ఆస్పత్రికో, ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికో వెళ్లే రోగి కేస్ షీటుకూ అంత శ్రద్ధ దక్కాలి.

2015 తర్వాత చట్టం ముందుకు నడిచింది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, వ్యాధి నిర్ధారణకు ఐసీడీ వంటి ప్రమాణాలనే పాటించాలంది. తన రికార్డులు చూసే హక్కు రోగికి ఇచ్చింది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11లో మత్తు, నిద్ర మందుల ఉన్మాదానికి 6సీ44.6 అనే కోడు ఉంది. కల్తీ మాత్రం ఆగలేదు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరకక మతి చెదిరినవాళ్లు ఎర్రగడ్డకు బారులు తీరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది, నమూనాల్లో అల్ప్రాజోలం తేలింది.

నూట ముప్పై ఏళ్ల కింద గంజాయి కమిషన్ పట్టుకున్న లోపమే ఇప్పుడూ మన ముందుంది. అప్పుడు విచారించకుండా గంజాయి అని రాశారు, ఇప్పుడు పరీక్షించకుండా కల్లు అని రాస్తే తేడా ఏముంది? కేస్ షీటులో అయిదు వాక్యాలు చాలు: ఎక్కడి కల్లు, ఎన్నేళ్లుగా, చివరిసారి తాగింది ఏ రోజు, ఏ వేళ, స్పృహ తేటగా ఉందా లేదా, మూత్రపరీక్షలో ఏ మందు తేలింది. ఇవి ఉంటే కోడు ఎవరైనా వేయగలరు. ఏ మండలంలో ఎఫ్13 పెరుగుతోందో జిల్లా లెక్కల్లో కనిపిస్తుంది, ఎక్సైజ్ వాళ్లు ఏ దుకాణం నమూనా తీయాలో తెలుస్తుంది. ఇవి లేని రోగికి ఏ కోడు వేసినా, అది పోలీసు కాగితం నుంచి దించుకున్న గంజాయితో సమానమే.