పాత పికప్పుకి ఫోర్ వీల్ డ్రైవ్: జీపు చెప్పే లెక్క

వెనక చక్రాలు మాత్రమే లాగే పాత పికప్పుని ఫోర్ వీల్ డ్రైవ్ చేయించొచ్చా? ఈ రోజు ఎపిసోడ్ దీని మీదే. అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. అది తెలిస్తే జవాబు మీకే దొరుకుతుంది.

మాది పెద్దవూర. సాగర్ మా పక్కనే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాల్వలకి నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దాకా వరి మడులు వచ్చాయి. మడి వచ్చిందంటే బురద బాట కూడా వచ్చినట్టే. లోడుతో ఉన్న పికప్పుకి ఒక వెనక చక్రం దిగబడితే అది అక్కడే గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. ట్రాక్టర్ కోసం ఫోన్లు మొదలైతాయి. అప్పుడే ఈ ఆలోచన వస్తది.

ఈ ఆలోచన మనకే కొత్తగా రాలేదు. అమెరికాలో మార్మన్ హెరింగ్టన్ అనే కంపెనీ 1930ల్లోనే ఫోర్డ్ ట్రక్కుల్ని ఆల్ వీల్ డ్రైవ్‌గా మార్చి అమ్మింది. 1950ల్లో మినియాపొలిస్‌లోని నాప్కో అనే కంపెనీ షెవర్లే, జీఎంసీ పికప్పులకి కిట్లు చేసింది. 1957 నాటికి ఆ కిట్టు ఫ్యాక్టరీ నుంచే బిగించి రావడం మొదలైంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ కిట్టు ఏ బండికి పెట్టాలో ముందే కొలతలు తీసుకుని చేసింది. దొరికిన సామాను తెచ్చి అతికించింది కాదు.

మన దగ్గర కథ వేరే. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం అయిపోయాక మిలిటరీ డిస్పోజల్ జీపులు మన దేశంలోనూ అమ్ముడుపోయాయి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టారు. అట్లా మన మెకానిక్ షెడ్లకి ఫోర్ వీల్ డ్రైవ్ సామాను అంటే జీపు సామానే అయింది.

ఇప్పుడు అసలు లెక్క. మార్చాలంటే మూడు ముఖ్యమైనవి కావాలి. గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్, ముందుకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్, స్టీరింగు తిరుగుతూనే లాగగలిగే ముందు హౌసింగు. పాత జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి షాఫ్టులు రెండూ కుడి పక్క నుంచే వస్తాయి. అందుకే జీపు వెనక డిఫరెన్షియల్ కూడా కుడికి జరిగి ఉంటది. మీ పికప్పుకి అది మధ్యలో ఉంటే షాఫ్టు వంకరగా పోవాలి, జాయింట్లు తొందరగా అరుగుతాయి.

ఇంకోటి రేషియో. మిలిటరీ జీపుది 4.88, తర్వాత వచ్చిన విల్లీస్ సీజే 3బీది 5.38. ముందు 4.88 హౌసింగు, వెనక 5.38 హౌసింగు వేశారనుకోండి. షాఫ్టు 538 చుట్లు తిరిగేసరికి వెనక చక్రం 100 చుట్లు, ముందు చక్రం 110 చుట్లు తిరగాలి. బురదలో చక్రం జారుతుంది కాబట్టి కొంత సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు. ఆ పది చుట్ల తేడా అంతా టైర్లు, గేర్లు, షాఫ్టుల మీద పడుతుంది. రేషియోలు కలిసినా సరే, మధ్యలో డిఫరెన్షియల్ లేని ఇట్లాంటి బండిని గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదు. ఎందుకంటే మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర మొదట అడిగేది కూడా ఈ మార్పు గురించే.

అందుకని నా మాట ఇది. మన మెకానిక్‌లకి చేతకాదని కాదు, హౌసింగు ఎక్కించడం వాళ్లకి వచ్చు. కానీ ఆ రిస్కు మొత్తం ఓనర్ మీదే ఉంటది. బొలెరో పికప్‌లో, క్యాంపర్‌లో ఫ్యాక్టరీ నుంచే ఫోర్ వీల్ డ్రైవ్ మోడళ్లు వచ్చాయి. పాత బండి మీద పెట్టే డబ్బులు లెక్కేసుకుని, అలాంటి సెకండ్ హ్యాండ్ బండి ఒకటి చూడండి. ఆర్‌సీ చూడండి, కిందికి వంగి ముందు హౌసింగు కూడా చూడండి. అప్పటిదాకా బురద టైర్లు, తక్కువ లోడు, బండిలో ఒక గట్టి మోకు. ఇవి చట్టానికీ అడ్డం రావు, జేబుకీ భారం కావు.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటానండీ.