క్లచ్ మారుస్తున్నారా? ఫ్లైవీల్‌ని లేత్‌కి పంపాలా వద్దా, చరిత్ర చెప్పే జవాబు

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతాను. మా నాన్న పాత పెట్రోల్ కారు క్లచ్ మార్చడానికి ఇచ్చాం. గేర్‌బాక్స్ దించాక మెకానిక్ ఫోన్ చేశాడు. "అన్నా, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలున్నాయి. లేత్‌కి పంపి ఫేసింగ్ చేయిద్దామా?" అన్నాడు. ఎంతవుతుందని అడిగి, "వద్దులే" అనేశాను. పది రోజులకే ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు బండి వణకడం మొదలైంది. మళ్లీ గేర్‌బాక్స్ దించాం, మళ్లీ లేబర్ కట్టాం. బీటెక్ చదివాను గానీ ఆ చక్రం ఏం చేస్తుందో నాకు సరిగ్గా తెలీదు. అందుకే వెనక్కి వెళ్లి చూశాను.

ఐడియా చాలా పాతది. కుమ్మరి సారెను చూసే ఉంటారు. కర్రతో జోరుగా తిప్పి వదిలేస్తే చాలాసేపు దానంతటదే తిరుగుతుంది. ఫ్లైవీల్ కూడా అంతే, తిరుగుడులో శక్తిని దాచుకునే బరువు. 1780ల్లో జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజన్‌తో మిల్లులు తిప్పడానికి పెద్ద ఫ్లైవీల్ పెట్టాడు. 1876లో నికోలస్ ఒట్టో ఫోర్ స్ట్రోక్ ఇంజన్ చేశాడు. అందులో నాలుగు స్ట్రోకుల్లో ఒక్కటే పవర్ ఇస్తుంది. మిగతా మూడూ ఫ్లైవీలే లాక్కుపోవాలి.

1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండి ఫొటో చూడండి. వెనకాల పెద్ద ఫ్లైవీల్ పడుకోబెట్టి ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పితేనే ఇంజన్ స్టార్ట్ అయ్యేది. బండి ఆపాలంటే బెల్టును ఊరికే తిరిగే పుల్లీ మీదకి జరిపేవాళ్లు. అంటే ఫ్లైవీల్‌కి ఏదీ రాసుకునేది కాదు. కాబట్టి దాని ముఖం అరగడమనే ప్రశ్నే లేదు.

ఆ తర్వాత వచ్చిన కార్లలో దానికి రెండో ఉద్యోగం వచ్చింది. ఫ్లైవీల్ లోపల గరాటులా చెక్కి, తోలు తొడిగిన కోన్‌ను అందులోకి నొక్కేవాళ్లు. దాన్నే కోన్ క్లచ్ అంటారు. తోలు మెత్తనిది కాబట్టి ముందు అదే అరిగేది. నూనె తగిలితే జారేది, ఎండిపోతే ఒక్కసారిగా పట్టేసి బండి ఎగిరిపడేది, వేడెక్కితే మాడిపోయేది. 1897లో ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ మొదలుపెట్టిన ఫెరోడో లాంటి కంపెనీలు వేడికి తట్టుకునే ఆస్బెస్టాస్ లైనింగ్‌లు తెచ్చాయి. 1920లకి ఒకే ప్లేటు ఉన్న డ్రై క్లచ్ మామూలైపోయింది. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదమని తర్వాత తేలింది. అందుకే పాత బండి విప్పితే ఆ దుమ్మును గాలితో ఊదనివ్వకండి.

అసలు పాయింట్ ఇక్కడుంది. ప్లేటు మాడకుండా నిలబడింది, మరి ఆ వేడి ఎక్కడికి పోవాలి? రెండు పక్కలా ఉన్న ఇనుములోకి. ఒక పక్క ప్రెషర్ ప్లేట్, రెండో పక్క ఫ్లైవీల్. క్లచ్ కిట్ కొంటే ప్లేటు, ప్రెషర్ ప్లేట్ కొత్తవి వస్తాయి. ఫ్లైవీల్ రాదు. అంటే క్లచ్ రాసుకునే ముఖాల్లో కిట్‌లో రానిది అదొక్కటే. నేను వద్దన్నది దాన్నే.

మరి ప్రతిసారీ లేత్‌కి పంపాలా? అక్కర్లేదు. అంబాసిడర్, మారుతి 800 లాంటి బండ్లలో ఉన్నది గట్టి పోత ఇనుము ఫ్లైవీల్. ముఖం చదునుగా, గీతలూ మచ్చలూ లేకుండా ఉంటే గ్రీజు, నూనె లేకుండా శుభ్రంగా తుడిస్తే చాలు. గాడులు పడినా, అంచు దగ్గర మెట్టు ఏర్పడినా, పాత క్లచ్ వణికినా ఫేసింగ్ చేయించాలి. నీలం మచ్చలుంటే ఇంకో జాగ్రత్త. వేడికి అక్కడ ఇనుము బిగుసుకుని గట్టిపడుతుంది. లేత్ టూల్ ఆ చోట ఎగిరిపోయి బుడిపెలు మిగలొచ్చు, కాబట్టి గ్రైండింగ్ మేలు. లోతైన పగుళ్లున్నా, సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన కనీస మందం కన్నా తగ్గినా కొత్తది కొనాల్సిందే. చాలా వేగంగా తిరిగే బరువు అది, పగిలితే మనుషులకే ప్రమాదం.

చరిత్ర అక్కడ ఆగలేదు. 1985లో జర్మనీకి చెందిన లుక్ కంపెనీ డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ని మార్కెట్‌లోకి తెచ్చింది. రెండు బరువులు, మధ్యలో స్ప్రింగులు. ఇంజన్ కుదుపులను గేర్‌బాక్స్‌దాకా పోనివ్వకుండా మింగేయడం దాని మూడో ఉద్యోగం. ఇప్పటి చాలా డీజిల్ కార్లలో ఇదే ఉంటుంది. ఇక్కడ "లేత్‌కి పంపేద్దాం" అనే పాత అలవాటు పనికిరాదు. ముఖం నున్నగా ఉన్నా లోపల స్ప్రింగులు అలిసిపోయి ఉండొచ్చు. వీటిని లేత్ పట్టించొద్దని తయారీదార్లే చెబుతారు. లూజు ఎంతుందో కొలిచి, పరిమితి దాటితే మార్చేయడమే.

కాబట్టి గేర్‌బాక్స్ కిందకి దిగిన రోజు మెకానిక్ ఫోన్ చేస్తే ముందు రేటు అడక్కండి. "అన్నా, ఇది గట్టి ఫ్లైవీలా, డ్యూయల్ మాసా? ముఖం ఫొటో పంపు" అనండి. ఫొటో చూశాకే రేటు మాట్లాడండి. ఈ రెండు మాటలు నేను అడగలేదు, అందుకే లేబర్ రెండుసార్లు కట్టాను. మీరు ఒక్కసారే కట్టండి.