పిఠాపురం దివాను అల్లుడి కేసు (1937–1939): అత్తింటి అప్పు, మరణవాఙ్మూల చట్టం

సాక్ష్య చట్టం అభ్యసించినవారికి ‘పాకాల నారాయణస్వామి వర్సెస్ చక్రవర్తి’ కేసు సుపరిచితం. 1939 జనవరి 19న లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ వెలువరించిన ఈ తీర్పు, మరణవాఙ్మూలం పరిధిని నిర్ణయించే ప్రమాణంగా నేటికీ ఉదహరింపబడుతున్నది. ఆ న్యాయసూత్రం వెనుక ఉన్నది తూర్పుగోదావరి జిల్లా పిఠాపురంలో మొదలైన ఒక అత్తింటి అప్పు. హతుడు నారాయణస్వామికి బంధువు కాడు. మామగారి కొలువులోని బంట్రోతు. అయినప్పటికీ ఈ నేరాన్ని అల్లుడు, అత్తవారిల్లు అనే సంబంధం వెలుపల అర్థం చేసుకోవడం కష్టం.

నారాయణస్వామి పిఠాపురం దివాను కుమార్తెను 1919 ప్రాంతంలో వివాహమాడి, సుమారు 250 మైళ్ల దూరంలోని బరంపురంలో కాపురం పెట్టాడు. 1933 ప్రాంతంలో దంపతులు పిఠాపురానికి తిరిగివచ్చి దివాను వద్ద ఉన్నట్లు తీర్పు తెలుపుతున్నది. అప్పటికి వారికి డబ్బు ఇబ్బంది ఉన్నది. 1936లో భార్య, దివాను కొలువులోని నూకరాజు అనే నలభై ఏళ్ల బంట్రోతు వద్ద చిన్నచిన్న మొత్తాలుగా 3,000 రూపాయలు అప్పు తీసుకున్నది. వడ్డీ సాలుకు 18 శాతం, అంటే నూటికి నెలకు రూపాయిన్నర. ఆమె సంతకం చేసిన సుమారు 50 ఉత్తరాలు, చీటీలు హత్యానంతరం నూకరాజు ఇంట్లో దొరికాయి.

ఈ 50 కాగితాలు సామాజిక చరిత్రకారుడు ఆగి చూడవలసినవి. సూర్యరాయాంధ్ర నిఘంటువు వల్ల, కాకినాడ కళాశాల వల్ల పిఠాపురం సంస్థానానికి సాహిత్య చరిత్రలో గొప్ప స్థానమున్నది. ఈ కేసు అదే సంస్థానపు పెరటివైపు చూపుతుంది. అక్కడ యజమాని కూతురు సేవకునికి బాకీదారు. హోదా ఒకవైపు, రొక్కం మరొకవైపు. బంట్రోతు దివాను కూతురిని గట్టిగా నిలదీయలేడు. కాగితాలు పదిలపరచుకొని, పిలుపు వచ్చేదాకా ఎదురుచూడగలడు. పిలుపు రాగానే అంత దూరం బయలుదేరడంలోని తొందర ఇక్కడినుండే అర్థమవుతుంది.

1937 మార్చి 20, శనివారం నాడు అతనికి సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. దానిని భార్యకు చూపి, బాకీ సొమ్ము తీసుకొమ్మని నారాయణస్వామి భార్య రాసిందనీ, అందుకే బరంపురం వెళుతున్నాననీ చెప్పాడు. మరునాడు బయలుదేరాడు. 23వ తేదీన పూరీ స్టేషనులో, మూడవ తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని ఉక్కు ట్రంకులో అతని శవం ఏడు ఖండాలుగా బయటపడింది. కొన్ని రోజుల తర్వాత భార్య వచ్చి గుర్తుపట్టింది. ఏప్రిల్ 4న పోలీసులు నారాయణస్వామిని అరెస్టు చేశారు.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురం మద్రాసు రాజధాని నుండి విడిపోయింది. అందువల్లనే తెలుగు కుటుంబపు ఈ కేసు మద్రాసుకు కాక పాట్నా హైకోర్టుకు చేరింది. మొదట మేజిస్ట్రేటు నిందితులను వదలిపెట్టగా, సెషన్స్ జడ్జి దంపతులిద్దరినీ విచారణకు రప్పించాడు. విచారణలో భార్య నిర్దోషిగా విడుదలైంది. భర్తకు ఉరిశిక్ష పడింది. హైకోర్టు దానిని ఖాయపరచింది.

ప్రీవీ కౌన్సిల్‌లో తీర్పు చెప్పినవారు లార్డ్ ఆట్కిన్. హతుడు తన ఇంటికి వచ్చాడని అరెస్టుకు ముందు నారాయణస్వామి పోలీసులకిచ్చిన వాఙ్మూలం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షను ప్రకారం చెల్లదని కౌన్సిల్ తోసిపుచ్చింది. తర్వాత ముద్దాయి అయినవాడికీ ఆ రక్షణ వర్తిస్తుందన్నది. దానితో ప్రాసిక్యూషన్‌కు మిగిలిన ఆధారాలలో ముఖ్యమైనది నూకరాజు భార్య విన్న మాట. ఇంగ్లండు చట్టం ప్రకారం మరణం తప్పదని ఎరిగిన మనిషి మాటే మరణవాఙ్మూలం. నూకరాజు ఆరోగ్యంగా, డబ్బు వస్తుందన్న ఆశతో మాట్లాడాడు. అయినా 1872 సాక్ష్య చట్టం 32(1) సెక్షను మరణభీతిని షరతుగా పెట్టలేదనీ, మృత్యువుకు దారితీసిన వ్యవహారంతో దగ్గరి సంబంధమున్న పరిస్థితులను తెలిపే మాట చెల్లుతుందనీ కౌన్సిల్ నిర్ణయించింది. కేవలం భయాన్నో అనుమానాన్నో తెలిపే మాటలు మాత్రం ఆ పరిధిలోకి రావన్నది. ముద్దాయి తరఫున ట్రంకు కొన్న చాకలి సాక్ష్యం వంటివి దానికి తోడైనందున అప్పీలు కొట్టివేయబడింది.

న్యాయశాస్త్రం ఈ తీర్పును హంతకుని పేరుతోనే గుర్తుపెట్టుకున్నది. సూత్రానికి ఆధారం మాత్రం భర్త ప్రయాణపు మాట విని, కోర్టులో చెప్పిన స్త్రీ. ఆ సాక్ష్యపు ప్రయోజనం తర్వాత మరొక రకం అత్తింటి కేసులకు విస్తరించింది. 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో, పెళ్లయిన కొద్ది నెలలకే మరణించిన యువతి తన సోదరికీ స్నేహితురాలికీ రాసిన ఉత్తరాలు 32(1) కింద చెల్లుతాయా అని సుప్రీంకోర్టు పరిశీలించినప్పుడు నారాయణస్వామి తీర్పును ఆశ్రయించింది. ఆ కేసులో భర్తను సంశయలాభంతో విడుదల చేసింది. 2024 జూలై 1 నుండి అదే నియమం భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షనులో కొనసాగుతున్నది.