మందుల చీటీ మీద పాలు, కూరగాయలు

ఈసారి సావనీరుకి మన సేవా కార్యక్రమాల చరిత్ర రాసిమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. మనం ఎన్ని దుప్పట్లు పంచామో, ఎన్ని పౌండ్ల డబ్బాలు ఫుడ్‌ బ్యాంకుకి ఇచ్చామో ప్రతి సావనీరులోనూ ఫోటోలతో సహా వస్తూనే ఉంది. అందుకని వారి అనుమతితో మనది కాని ఒక చరిత్ర రాస్తున్నాను. మెంఫిస్‌లో మా ఇంటి నుంచి 61వ నంబరు హైవే మీద దక్షిణంగా రెండు గంటలు కారు నడిపితే వచ్చే ఒక చిన్న ఊరి కథ ఇది. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ ఊరికి అంత దగ్గరలో ఉండి కూడా నాకు దాని పేరు తెలియదు. తెలుసుకోవలసి రావడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్పాలి.

నేను గుంటూరులో వైద్యం చదివి ఈ దేశం వచ్చినవాణ్ణి. మా ఊరి గుడి హాల్లో నెలకొక ఆదివారం మేము కొంతమంది డాక్టర్లం ఉచితంగా రోగులను చూసేవాళ్ళం. 2009లో ఒక పెద్దాయన వచ్చేవారు. కొడుకు దగ్గర ఉండడానికి గ్రీన్‌కార్డు మీద వచ్చారు. పెద్దవాళ్ళకి గ్రీన్‌కార్డు వచ్చాక ఐదేళ్ళు గడిస్తే గాని మెడికేర్‌ కొనుక్కునే వీలు లేదు, ఫుడ్‌ స్టాంపులకీ మామూలుగా అంతే. ఆయనకి షుగరు అదుపులో లేదు. నేను మాత్ర మోతాదు పెంచాను. మరుసటి నెల ఇంకా పెంచాను. "వేళకి భోంచేయండి బాబాయిగారూ, కూరలు ఎక్కువ తినండి" అని చెప్పి చీటీ చేతిలో పెట్టాను. పది రోజులకి ఆయన వంటింట్లో స్పృహ తప్పి పడిపోతే అంబులెన్సులో తీసుకెళ్ళారు. షుగరు పడిపోయింది.

తరవాత తెలిసింది, కొడుకు ఉద్యోగం పోయి ఏడు నెలలయిందట. పిల్లలకి సరిపోవాలని ఈయన పగలు మజ్జిగ తాగి, రాత్రి మాత్రం తినేవారు. మాత్ర మాత్రం నేను రాసినట్టు రెండు పూటలా వేసుకునేవారు. ఆయన నాకు ఎందుకు చెప్పలేదంటారా? నేను అడగలేదు. పరువుగా బతికిన మనిషి, అడిగినా చెప్పేవారు కారేమో. అసలు నన్ను ఇప్పటికీ తినేసే సంగతి వేరే ఉంది. ఆయన నా ఎదురుగా కూర్చున్న ఆ ఆదివారమే, అదే హాల్లో, నా కుర్చీ వెనక గోడ వారగా మన సంఘం ఫుడ్‌ డ్రైవ్‌లో పోగుచేసిన అట్టపెట్టెలు నా ఎత్తున పేర్చి ఉన్నాయి, సోమవారం ఫుడ్‌ బ్యాంకుకి పంపడానికి.

మా క్లినిక్కుకి సాయం చేయడానికి ఒక నల్లజాతి నర్సు వచ్చేది. డెల్టాలో పుట్టి పెరిగిన మనిషి. సంగతి విని ఆవిడ ఒకటే అంది, మీరు ఒకసారి మౌండ్‌ బయూ వెళ్ళిరండి అని.

మౌండ్‌ బయూ మిసిసిపీ రాష్ట్రం బొలివార్‌ కౌంటీలో ఉంది. బానిసత్వం నుంచి బయటపడిన ఐజయా మాంట్గొమరీ, బెంజమిన్‌ గ్రీన్‌ అనే ఇద్దరు 1887లో అడవి కొట్టించి కట్టుకున్న ఊరు. అక్కడ 1942లో నైట్స్‌ అండ్‌ డాటర్స్‌ ఆఫ్‌ టేబర్‌ అనే సహాయ సంఘం ఒక ఆసుపత్రి కట్టింది. మన ఊళ్ళలో చీటీల సంఘాలు ఉన్నట్టే అనుకోండి. పాలికాపు రైతులు, కూలీలు ఏడాదికింత అని చందా కడితే, జబ్బు చేసినప్పుడు అందులో చికిత్స. తెల్లవారి ఆసుపత్రుల్లో వెనక గుమ్మం నుంచి వెళ్ళవలసిన రోజుల్లో వీళ్ళు ముందు గుమ్మంలోంచి నడిచి వెళ్ళిన ఆసుపత్రి అది.

1960లు వచ్చేసరికి ఆ చందాలు కూడా కట్టలేని పరిస్థితి వచ్చింది. పత్తి ఏరే యంత్రాలు వచ్చాయి, కలుపు మందులు వచ్చాయి, కూలీల అవసరం తగ్గింది. దాని మీద ఇంకో దెబ్బ ఫుడ్‌ స్టాంపులు. అంతకు ముందు కౌంటీలు మిగులు సరుకులు ఉచితంగా పంచేవి. అవి తీసేసి స్టాంపులు పెట్టారు. కానీ అప్పటి చట్టం ప్రకారం స్టాంపులు డబ్బిచ్చి కొనుక్కోవాలి. చేతిలో రూక లేనివాడు ఎంత తక్కువ ధరకైనా ఎలా కొంటాడు? (ఈ నియమం ఎత్తివేయడానికి 1977 చట్టం రావలసి వచ్చింది.) 1967 ఏప్రిల్‌లో సెనేటర్‌ రాబర్ట్‌ కెనెడీ డెల్టాకి వచ్చి ఆ ఇళ్ళలోకి వెళ్ళి ఆకలితో ఉన్న పిల్లల్ని కళ్ళారా చూశాకగాని దేశం ఇటు తిరిగి చూడలేదు.

సరిగ్గా ఆ ఏడాదే మౌండ్‌ బయూలో డెల్టా హెల్త్‌ సెంటర్‌ తెరిచారు. దాని వెనక జాక్‌ గైగర్‌, కౌంట్‌ గిబ్సన్‌ అనే ఇద్దరు డాక్టర్లు ఉన్నారు. పౌరహక్కుల ఉద్యమకారులకు వైద్యం చేయడానికి 1964లో మిసిసిపీ వచ్చిన గైగర్‌ అక్కడి స్థితి చూసి వెనక్కి వెళ్ళలేకపోయాడు. డబ్బు ప్రెసిడెంట్‌ జాన్సన్‌ పెట్టిన పేదరిక నిర్మూలన కార్యాలయానిది. కేంద్రం ఇలాంటి గ్రాంట్లు ఇస్తే రాష్ట్ర గవర్నరు అడ్డుకోవచ్చు, కానీ విశ్వవిద్యాలయానికి ఇస్తే అడ్డుకునే అధికారం లేదు. అందుకని ఎక్కడో బోస్టన్‌లో ఉన్న టఫ్ట్స్‌ విశ్వవిద్యాలయం పేర గ్రాంటు తెచ్చి మిసిసిపీ పత్తి చేలల్లో ఆసుపత్రి నడిపారు! గైగర్‌ జట్టు ముందుగా 1965లో బోస్టన్‌లోనే కొలంబియా పాయింట్‌ అనే పేదల పేటలో ఇలాంటి కేంద్రం ఒకటి తెరిచింది.

గైగర్‌కి ఈ ఆలోచన ఎక్కడిదో తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. దక్షిణాఫ్రికాది. మన తెలుగువాళ్ళు 1860 తరవాత చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా దిగిన, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్న ఆ నటాల్‌ రాష్ట్రంలోనే, సిడ్నీ కార్క్‌, ఎమిలీ కార్క్‌ అనే డాక్టర్‌ దంపతులు 1940లో ఫోలేలా అనే జూలూ పల్లెలో ఆరోగ్య కేంద్రం పెట్టారు. ఇంటింటికీ తిరిగి ఎవరేం తింటున్నారో లెక్క రాశారు. పోషకాహార లోపానికి మందు పెరట్లోనే ఉందని, కూరగాయలు పండించడం నేర్పారు. గైగర్‌ వైద్య విద్యార్థిగా 1957లో వెళ్ళి కొన్ని నెలలు వాళ్ళ దగ్గర పనిచేశాడు. వర్ణవివక్ష ప్రభుత్వం ఆ కేంద్రాలను బతకనివ్వలేదు, కార్క్‌ దంపతులు దేశం వదిలి వెళ్ళిపోయారు. అక్కడ ఆరిపోయిన దీపం ఇక్కడ వెలిగిందన్నమాట.

మౌండ్‌ బయూ క్లినిక్కుకి వచ్చిన పిల్లల్లో చాలామందికి విరేచనాలు, అంటురోగాలు, వాటి వెనక ఆకలి. డాక్టర్లు మందుల చీటీ మీద పాలు ఇంత, మాంసం ఇంత, కూరగాయలు ఇంత అని రాయడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల కిరాణా దుకాణాల వాళ్ళతో మాట్లాడుకుని, ఆ చీటీ తెచ్చినవాళ్ళకి సరుకులిమ్మని, బిల్లు హెల్త్‌ సెంటరుకి పంపమని ఏర్పాటు చేశారు. ఆ డబ్బు ఫార్మసీ బడ్జెట్‌లోంచి ఇచ్చారు. పైవాళ్ళకి కబురందింది. ఫార్మసీ డబ్బు మందులకే గాని కిరాణాకి కాదని అభ్యంతరం చెప్పారు. నేను చదివిన పుస్తకాల ప్రకారం పోషకాహార లోపానికి మందు ఆహారమే అని గైగర్‌ జవాబు. ఇక దాని మీద వాళ్ళు ఏమీ అనలేకపోయారు. "లంఖణం పరమౌషధం" అని వింటూ పెరిగిన నాకు ఈ మాట కొంచెం గట్టిగానే తగిలింది.

డాక్టర్ల పేరు ఎక్కువగా వినిపిస్తుంది గాని నా లెక్కలో అసలు పని చేసినవాడు జాన్‌ హాచ్‌. ఈయన డాక్టరు కాదు, ఊళ్ళు తిరిగి జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి. మీకేం కావాలని అడిగితే జనం ముందుగా చెప్పింది ఆసుపత్రి గురించి కాదు. తిండి, పని, మంచినీళ్ళు, క్లినిక్కు దాకా రావడానికి బండి. ఆయన చొరవతో పది పల్లెల్లో ఆరోగ్య సంఘాలు ఏర్పడ్డాయి, అవన్నీ కలిసి నార్త్‌ బొలివార్‌ కౌంటీ హెల్త్‌ కౌన్సిల్‌ అయ్యాయి. ఆండ్రూ జేమ్స్‌ అనే శానిటేషన్‌ ఇంజనీరు బావులు తవ్వించాడు, మరుగుదొడ్లు కట్టించాడు, కిటికీలకి దోమ తెరలు వేయించాడు.

కిరాణా చీటీలతో ఎల్లకాలం నడవదు కదా. జీవితమంతా ఇతరుల పొలాల్లో పత్తి పండించినవాళ్ళు, వ్యవసాయం వాళ్ళకి ఒకరు నేర్పాలా? గడప దాకా పత్తే వేయించి, పెరట్లో నాలుగు బెండ మొక్కలు వేసుకోనివ్వని దొరలుండేవాళ్ళు. 1968లో సుమారు వెయ్యి కుటుంబాలు చేరి నార్త్‌ బొలివార్‌ కౌంటీ ఫార్మ్‌ కోఆపరేటివ్‌ పెట్టుకున్నాయి. వందల ఎకరాల్లో చిలగడదుంపలు, బీన్స్‌, బఠాణీలు, ఆకుకూరలు వేశారు. పనిచేసినవాళ్ళకి కొంత డబ్బు, కొంత పంట. ఈ సహకార సంఘాన్ని నడిపిన ఎల్‌.సి. డోర్సీ అనే ఆవిడ పాలికాపు ఇంటి బిడ్డ. తరవాత సోషల్‌ వర్క్‌లో డాక్టరేట్‌ తీసుకుని, 1988లో తిరిగి వచ్చి అదే హెల్త్‌ సెంటరుకి డైరెక్టర్‌ అయింది. హెల్త్‌ సెంటర్ల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన పేజీ ఇదే.

అన్నీ నిలబడలేదు. కోఆపరేటివ్‌ 1970ల్లో బలహీనపడింది. చందాల ఆసుపత్రి పక్క ఆసుపత్రితో కలిసి, చివరికి 1983లో మూతపడింది. హెల్త్‌ సెంటర్‌ మాత్రం నేటికీ పనిచేస్తోంది. అలాంటి కేంద్రాలు ఇప్పుడు దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి, ఏటా 3 కోట్ల మందికి పైగా చూస్తున్నాయి. పాలకమండలిలో సగానికి పైగా సభ్యులు అక్కడ వైద్యం చేయించుకునే రోగులే అయి ఉండాలన్నది చట్టం.

చిత్రమేమిటంటే అదే 1967లో ఎరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్‌ వాన్‌ హెంగెల్‌ దేశంలో మొట్టమొదటి ఫుడ్‌ బ్యాంక్‌ పెట్టాడు. దుకాణాలు పారేసే మంచి సరుకు చేర్చి పంచడం ఆయన పద్ధతి. ఆకలికి ఒక సంస్థ, జబ్బుకి ఒక సంస్థ, ఎవరి గోదాము వారిది, ఎవరి ఫైలు వారిది, చాలాకాలం అలాగే నడిచాయి. 2001లో బోస్టన్‌ మెడికల్‌ సెంటర్‌ తన భవనంలోనే సరుకుల గది తెరిచి, డాక్టరు చీటీ రాస్తే ఫుడ్‌ బ్యాంక్‌ సరుకు ఇచ్చే పద్ధతి పెట్టింది. అప్పటికి మౌండ్‌ బయూ చీటీలకి ముప్ఫై ఏళ్ళు దాటింది.

నేను తిరిగి వచ్చి మన సంఘం కమిటీలో ఇదంతా చెప్పాను. "మనవాళ్ళకి ఆకలేమిటి డాక్టరుగారూ, బయట పార్కింగ్‌ లాట్‌ చూడండి" అన్నారొకరు. తప్పు పట్టను, పెద్దాయన పడిపోకముందు నేనూ ఆ మాటే అనేవాణ్ణి. రెండు మీటింగులు వాదన అయ్యాక, మా వీధి చివర సరుకులు పంచే చర్చి వాళ్ళతో మాట్లాడడానికి ఒప్పుకున్నారు. మేము రోగిని చూసి రంగు చీటీ ఇస్తే వాళ్ళు పేరు అడక్కుండా సంచీ ఇస్తారు. సరుకు కొనేది మన సంఘం.

మొదటి మూడు నెలలు ఘోరంగా నడిచింది. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పు దట్టించిన సూపు డబ్బాలు వెళ్ళాయి. శాకాహారి ముసలమ్మకి పంది మాంసం కలిసిన బీన్స్‌ వెళ్ళాయి. ఆవిడ మర్యాదగా తిరిగి తెచ్చిచ్చింది. అప్పుడు ఆడవాళ్ళు కల్పించుకుని జాబితా మార్చారు. కందిపప్పు, పెసలు, గోధుమ రవ్వ, ముడి బియ్యం, పాలు, అప్పటికి దొరికే తాజా కూరలు. ఈ జాబితా మా చుట్టుపక్కల మెక్సికన్‌ కుటుంబాలకీ నచ్చింది, బీన్సు మటుకు మార్చమన్నారు.

అడగడం ఇంకా కష్టం. ఆకలి కనుక్కోవడానికి ఇప్పుడు దేశమంతా వాడే రెండు ప్రశ్నలున్నాయి. గడిచిన ఏడాదిలో డబ్బు చేతికందే లోపల సరుకులు అయిపోతాయేమోనని బెంగపడ్డారా, నిజంగానే అయిపోయి కొనుక్కోలేకపోయారా అని. తెలుగులో సూటిగా అడిగితే "అబ్బే, అదేం లేదు నాయనా" అంటారు, అందులోనూ కొడుకో కోడలో పక్కనుంటే. అందుకని బీపీ చూసే వలంటీరు అక్కయ్య రోగిని ఒక్కరినే గదిలోకి పిలిచి, పట్టీ చుట్టేటప్పుడు "ఇవాళ వంటేమిటి పిన్నీ? ఎవరు చేశారు?" అని మొదలుపెడుతుంది. కాసేపటికి అసలు సంగతి బయటికొస్తుంది. నేను మాత్ర రాసేది ఆ తరవాతే.

ఆ పెద్దాయన కోలుకుని ఇంకో ఆరేళ్ళు మాతోనే ఉన్నారు. ఆదివారాలు చర్చి గదికి వెళ్ళి సంచుల్లో పప్పు తూచి పోసేవారు. తనకని సంచీ ఎప్పుడూ తీసుకోలేదు, మేమే కొడుకు కారులో పెట్టించేవాళ్ళం.