ప్రవాళ ఆక్వేరియంలో నీటి ప్రవాహం

ప్రవాళ ఆక్వేరియం అనగా సముద్రపు పగడాలను, వాటితో కలిసి జీవించే చేపలను, ఇతర ప్రాణులను ఇంటిలో పెంచే ఉప్పునీటి గాజుతొట్టి. పగడాలు ఒకేచోట అతుక్కుని జీవించే జంతువులు కనుక ఆహారం, ఆక్సిజన్ వాటి వద్దకు చేరాలన్నా, వ్యర్థాలు తొలగిపోవాలన్నా నీరు కదలవలసిందే. సముద్రంలో ఈ పనిని అలలు, ఆటుపోట్లు చేస్తాయి. తొట్టిలో పంపులు చేయాలి. ప్రవాహాన్ని మెరుగుపరచడమంటే మరింత పెద్ద పంపు కొనడమేనన్న అభిప్రాయం ఉన్నది. అయితే చాలా తొట్లలో లోపం పంపు శక్తిలో కాక, పంపును అమర్చిన తీరులోను, రాళ్ళను పేర్చిన తీరులోను ఉంటుంది.

ప్రవాహం ఆవశ్యకత

పగడపు ఉపరితలాన్ని అంటుకొని దాదాపు నిశ్చలంగా ఉండే పలుచని నీటి పొర ఒకటి ఉంటుంది. వాయువులు, పోషకాలు ఈ పొర గుండా నెమ్మదిగా వ్యాపించవలసి ఉంటుంది. బయటి ప్రవాహవేగం పెరిగేకొద్దీ ఈ పొర మరింత పలుచబడుతుంది. పగడపు కణజాలంలో నివసించే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. అది కణజాలంలోనే పేరుకుపోతే ఆ క్రియ మందగిస్తుంది. ప్రవాహం ఈ అదనపు ఆక్సిజన్‌ను బయటకు తరలించి కిరణజన్య సంయోగక్రియను పెంచుతుందని తాలి మాస్, అమాట్జియా గెనిన్ తదితరులు 2010లో చూపించారు. 1998లో సముద్రజలం వేడెక్కి జపానులోని ఒకినావా ప్రాంతపు పగడాలు తెల్లబడినప్పుడు, కొన్ని చనిపోగా కొన్ని బ్రతకడానికి ప్రవాహవేగంలోని తేడా కొంతవరకు కారణమని నకమురా, వాన్ వోసిక్ 2001లో వివరించారు. కావున దీపాల కాంతిని పెంచి ప్రవాహాన్ని అలాగే వదిలివేయడం పగడాలకు కీడు చేయవచ్చు.

పరిమాణం

పంపులు తొట్టిలోని నీటిని గంటకు ఎన్ని రెట్లు తోస్తాయన్న లెక్కతో ప్రవాహాన్ని చెప్పడం పెంపకందారులలో వాడుక. మెత్తని పగడాలకు 10 నుండి 20 రెట్లు, ఆక్రోపోరా వంటి రాతి పగడాలకు 30 రెట్లు లేదా అంతకుమించి అవసరమని సాధారణంగా చెబుతారు. 400 లీటర్ల తొట్టికి 20 రెట్లంటే గంటకు 8,000 లీటర్లు. ఇది ఉజ్జాయింపు మాత్రమే. అంత నీరూ సన్నని గొట్టం నుండి ఒకే ధారగా వస్తే ఎదుట ఉన్న పగడపు కణజాలం ఊడిపోతుంది, రాళ్ళ వెనుక నీరు మాత్రం కదలదు. వెడల్పాటి ప్రొపెల్లరు పంపులు అంతే నీటిని తక్కువ వేగంతో, విస్తారంగా తోస్తాయి.

అమరిక

రాళ్ళను వెనుక గాజుకు ఆనించి గోడవలె పేర్చరాదు. వాటి చుట్టూ, మధ్య ఖాళీలు ఉంటేనే నీరు సాగుతుంది. ఎదురెదురు పక్కల రెండు పంపులు పెట్టి వంతులవారీగా నడిపితే ప్రవాహపు దిశ మారుతూ, పగడం అన్ని వైపులా నీరు తగులుతుంది. ఒక పంపును పైకి తిప్పి నీటి ఉపరితలం కదిలేలా చేస్తే గాలిలోని ఆక్సిజన్ నీటిలో బాగా కరుగుతుంది. చేపల మేత రేణువులు ఎటు పోతున్నాయో, మడ్డి ఎక్కడ పేరుకుంటున్నదో గమనిస్తే నీరు నిలిచే చోట్లు తెలుస్తాయి. హవాయిలోని వైకీకీ ఆక్వేరియానికి చెందిన బ్రూస్ కార్ల్‌సన్ పేరుతో ప్రసిద్ధమైన సాధనంలో, తొట్టికి పైన ఉంచిన పాత్ర నిండగానే సైఫన్ ద్వారా నీరు ఒక్కసారిగా అలవలె దిగుతుంది. చప్పుడు, నీటి బుడగలు దీనిలోని ఇబ్బందులు.

నిర్వహణ

పంపులపై సున్నపు పొర పేరుకొని వాటి వేగం తగ్గుతుంది. వాటిని విప్పి నీరు కలిపిన వెనిగర్‌లోగాని, నిమ్మ ఉప్పు ద్రావణంలోగాని నానబెట్టి శుభ్రం చేస్తారు. పగడాలు పెరిగేకొద్దీ అవే ప్రవాహానికి అడ్డమవుతాయి. గుబురుగా పెరిగిన ఆక్రోపోరా లోపలి కొమ్మలు చనిపోవడానికి ఇది ఒక కారణం.

విద్యుత్ సరఫరా నిలిచిపోతే తొట్టిలోని ప్రాణులన్నీ కలిసి కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొద్ది గంటలలోనే ప్రమాదకర స్థాయికి తగ్గించగలవు. చీకటిలో కిరణజన్య సంయోగక్రియ జరగదు, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. కనుక వేసవి రాత్రుల కరెంటు కోతలు మిక్కిలి అపాయకరం. ఇన్వర్టరుపై దీపాలు నడపనవసరం లేదు, ఉపరితలాన్ని కదిలించే చిన్న పంపు ఒక్కటి నడిస్తే చాలు.